నూట నలభై ఆరు అంగుళాలు

బాతెల్, వాషింగ్టన్
నవంబర్ 9, 2024

మా దేదీప్యకి పెద్దమ్మ ముద్దులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు ఫోన్ చెయ్యకుండా రాస్తావు కాబట్టే నీ మాట నాకు పూర్తిగా చేరుతోంది. చెవుల్లో కొత్త మిషన్లు పెట్టించుకున్నాక ఎదురుగా ఉన్నవాళ్ళ మాట బాగానే వినపడుతోంది. ఫోన్ ఎత్తితే మాత్రం పోపు వేస్తున్నట్టు చిటపటలు. మీ పెద్దనాన్నకి ఇది బాగా కలిసొచ్చింది. వంటింట్లోకి వచ్చి, నాకు వినపడదన్న ధైర్యంతో నా మీదే ఏదో గొణిగి వెళ్తుంటారు. నేను పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంటున్నానని ఆయనకింకా తెలియదు.

అసలు సంగతి. మీ అనిరుధ్ అన్నయ్య స్నోమొబైల్ కొన్నాడు, మంచు మీద నడిపే బండి. పాతది. గరాజ్‌లో నా ఆవకాయ జాడీల పక్కన పెట్టాడు. ముందు రెండు స్కీలు, వెనక చక్రాల బదులు రబ్బరు పట్టా. నువ్వు రోజూ చూసేదే, నీకు నేను చెప్పడమేమిటి! ఆ పట్టా అరిగిపోయిందట, కొత్తది వేయించాలట. "దేదీ వర్క్ చేసేది అక్కడే కదమ్మా, తనే సైజ్ చెప్తది. షీ నోస్ దిస్ స్టఫ్" అంటున్నాడు. పట్టా ఎంత పొడుగుంటే అంత లోతు మంచులో కొండ ఎక్కేస్తుందట. శ్రేయాస్ అని వాడి స్నేహితుడున్నాడు, అతనిది పొడుగుదేనట.

నీకు తెలుసుగా, పెళ్ళి ఆగిపోయాక ఏడాదిన్నర వాడు ఆ సోఫాలోంచి లేవలేదు. ఇప్పుడు లేచాడు. సంతోషమే. కానీ లేచినవాడు నేరుగా కొండే ఎక్కాలా? మంచు పెళ్ళలు విరిగి పడటం టీవీలో చూస్తే నాకు అన్నం దిగడం లేదు.

నీకు ఫారం పంపిస్తానన్నాడు. పొట్టి పట్టా చాలని రాయి. పొట్టిదైతే పైకి పోలేడు, కింద చదునులో తిరిగి ఇంటికొస్తాడు. నా మాట వినడు, నీ మాట వింటాడు. నేను అడిగినట్టు మాత్రం తెలియనివ్వకు.

గోంగూర పచ్చడి పార్సిల్ వేశాను. మూత బిగుసుకుపోయి ఉంటుంది, వేడినీళ్ళలో పెట్టి తియ్యి.

నీ పెద్దమ్మ
ప్రమోద


బోజ్‌మన్, మోంటానా
నవంబర్ 17, 2024

పెద్దమ్మగారికి నమస్కారాలు.

పచ్చడి సీసా పగలకుండా వచ్చింది. మూత వేన్ తీసిపెట్టారు. వేన్ మా వర్క్‌షాపు యజమాని, అరవై ఏళ్ళుంటాయి. వాసన చూసి, దీన్ని ఇంజన్లో పోస్తారా అని అడిగారు. నవ్వాలో లేదో తెలియక "నో సర్" అన్నాను.

ఇక్కడ నా పని ఏమిటో మీకెప్పుడూ వివరంగా రాయలేదు. సగం పని, పట్టాల రబ్బరును సాగదీసి ఎక్కడ చీలుతుందో కొలవడం. మిగతా సగం సైజు చీటీలు. బండి ఉన్నవాళ్ళు ఒక ఫారం నింపి పంపుతారు. ఏ కొండలు, మంచు ఎంత లోతు, మనిషి బరువెంత. బరువంటే హెల్మెట్, బూట్లు, వీపుసంచి, పార అన్నిటితో కలిపి. దాన్ని వేన్ పట్టికలో చూసి, ఎంత పొడుగు పట్టా సరిపోతుందో నేను చీటీ రాస్తాను. రాసినవాళ్ళే కింద సంతకం పెట్టాలన్నది వేన్ నియమం. లోతు మంచులో నేను ఒక్కసారి కూడా బండి నడపలేదు. చీటీ అందుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది.

అన్నయ్య ఫారం వచ్చింది. ఇప్పుడు ఆ బండికి ఉన్నది నూట నలభై ఆరు అంగుళాల పట్టా. మార్చేటప్పుడు వెనక భాగాన్ని కాస్త పొడిగించి నూట అరవై మూడుది వేయించుకోవచ్చు. తొక్కిన దారిలో పొట్టిదే చురుగ్గా తిరుగుతుంది. పొడుగుది మొండిది, మలుపు తిప్పడానికి ఒంట్లో బలం ఉండాలి. కొత్తగా కురిసిన లోతు మంచులో సంగతి వేరు. బురదలో ఒంటికాలి మీద నిలబడటానికీ, చెక్క పరిచి దాని మీద నిలబడటానికీ ఉన్నంత తేడా. పొడుగు పట్టా బరువును పరుస్తుంది, బండి పైన తేలుతుంది. పొట్టిది ఒక్కచోటే తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది. మనిషి బరువు పెరిగేకొద్దీ ఇంకా తొందరగా తవ్వుకుంటుంది.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. పట్టించుకోకండి.

మీరు చెప్పినట్టే ఆలోచిస్తాను. పెద్దనాన్నగారికి నా నమస్కారాలు.

దేదీప్య


బాతెల్
నవంబర్ 24, 2024

బంగారు తల్లీ,

నువ్వు ఒప్పుకుంటావని నాకు తెలుసు. మనసు తేలికపడింది. నిన్న కడుపునిండా తిన్నాను.

నీ చెక్కలూ బురదా రెండుసార్లు చదివాను. సగం అర్థమైంది. పొట్టిది గొయ్యి తవ్వుకుంటుందన్నావు కదా, మంచిదేగా! అక్కడే ఆగిపోతాడు, పైకి పోడు. ఆ కొట్టేసిన వాక్యం వెలుగులో పట్టి చూశాను, చదవలేకపోయాను. ఎంత శ్రద్ధగా కొట్టేశావే! కాన్వెంటు పిల్లవనిపించుకున్నావు.

నువ్వు ఈ దేశానికొచ్చిన మొదటి వేసవి గుర్తుందా? ఇంటర్న్‌షిప్ దొరక్క మూడు నెలలు మా ఇంట్లో ఉన్నావు. పిలిస్తే తప్ప గదిలోంచి వచ్చేదానివి కాదు. ఆకలేస్తోందని ఒక్కనాడూ అనలేదు. నీ మొహం చూసి నేనే కనిపెట్టి కంచం పెట్టేదాన్ని. ఇప్పుడు నా ఆకలి నువ్వు కనిపెట్టావు. నాకు అంతే చాలు.

మీ పెద్దనాన్న ఈ ఉత్తరంలో ఏం రాస్తున్నావని అడుగుతున్నారు. చారు పొడి కొలతలని చెప్పాను.

ప్రేమతో
పెద్దమ్మ


బోజ్‌మన్
డిసెంబర్ 8, 2024

పెద్దమ్మగారికి,

చీటీ పంపించాను. నూట నలభై ఆరు అని రాశాను. సంతకం పెట్టాను.

అన్నయ్య వెంటనే ఫోన్ చేశాడు. "దేదీ, ఆర్ యూ షూర్? మా గ్రూప్‌లో అందరివీ లాంగ్ ట్రాక్స్ ఏ. నాది ఒక్కటే షార్ట్ అవుతది" అన్నాడు. సరిపోతుంది అన్నయ్యా అన్నాను. మోకాలు దాటిన కొత్త మంచులోకి పోవద్దని చీటీలో ఒక వరస రాశానని కూడా చెప్పాను. "అయితే ఇంక పార్కింగ్ లాట్‌లోనే నడపాలా?" అని నవ్వాడు. తర్వాత, "నువ్వు లెక్కేశావు కదా, దట్స్ ఎనఫ్ ఫర్ మీ" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు బాగాలేదు.

ఇంకొకటి ఉంది. చీటీలో బరువుకి ఒక గడి ఉంటుంది. అన్నయ్య పంపిన అంకె రెండు వందల అయిదు పౌన్లు. ఆ అంకె వేస్తే, పట్టిక తెలిసినవాళ్ళెవరైనా పట్టా పొట్టిదని ఇట్టే కనిపెడతారు. అందుకని గడి ఖాళీగా వదిలేశాను. వేన్ నకలు దాచుకునేటప్పుడు, "చిన్న మనిషా ఇతను?" అని అడిగారు. అవునన్నాను.

ఏలూరులో మా బడిలో సిస్టర్ ఫిలొమీనా దగ్గర నల్ల అట్ట పుస్తకం ఉండేది. తప్పు చేసినవాళ్ళు తమ పేరు తామే అందులో రాసుకోవాలి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఆ పుస్తకంలో నా పేరు ఒక్కసారి కూడా లేదు. నేను తప్పు చెయ్యక కాదు. నన్నెవరూ అడగలేదు, అంతే.

మీకిది సంతోషం కలిగించే ఉత్తరం కావాలి. అలా రాయలేకపోయాను.

దేదీప్య


బోజ్‌మన్
జనవరి 20, 2025

పెద్దమ్మగారికి,

నిన్న శ్రేయాస్‌గారి నుంచి ఈమెయిల్ వచ్చింది. అన్నయ్యకి దెబ్బ తగిలి తొమ్మిది రోజులైందని అందులోనే తెలిసింది. మీరు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు అర్థమైంది.

ఆయన రాసింది ఇది. రాత్రంతా మంచు కురిసి నడుము లోతు ఉందట. మిగతా ముగ్గురూ వాలు ఎక్కేశారట. అన్నయ్య బండి సగం దూరంలో ఆగి, వెనక భాగం సీటు దాకా కూరుకుపోయిందట. దాన్ని తవ్వి కిందికి తిప్పుదామని వాలులో దిగి నిలబడితే బండి ఒరిగి కాలి మీదికి జారిందట. వాళ్ళు పైనుంచి తిరిగొచ్చి లాగేసరికి గంటన్నర. కిందికి చేర్చడానికి ఇంకో మూడు గంటలు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగిందట. చివర్లో, "ఈ సైజ్ ఎవరు సజెస్ట్ చేశారో మీకు తెలుసా?" అని అడిగారు. జవాబు ఇవ్వలేదు.

నవంబరులో నేను కొట్టేసిన వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. పొట్టిది అన్నయ్యని కిందనే ఆపదు పెద్దమ్మా, సగంలో ఆపుతుంది.

ఇది అప్పుడే నాకు తెలుసు. మీ మనసు కష్టపెట్టకూడదని కొట్టేశాను. ఇలా రాస్తే మీ మీదికి నెట్టినట్టుంది. కాదు. మీకు తెలియక అడిగారు. నేను తెలిసి రాశాను.

అన్నయ్యకి రెండుసార్లు ఫోన్ చేశాను, తియ్యలేదు. ఎలా ఉన్నాడో ఒక్క వరస రాయండి. నా మీద కోపం ఉంటే అదీ రాయండి.

దేదీప్య


బాతెల్
ఫిబ్రవరి 1, 2025

దేదీప్యకి,

కాలికి ప్లేట్ వేశారు. నొప్పి తగ్గింది. ఇంట్లోనే ఉన్నాడు, మళ్ళీ ఆ సోఫాలోనే. బండి అమ్మేస్తానంటున్నాడు. "ఐయామ్ నాట్ బిల్ట్ ఫర్ దిస్, అమ్మా" అంటాడు. ఆ ఫోన్ కూడా చేతికి తీసుకోవడం లేదు.

నువ్వు వాడికేమీ రాయకు. జరిగింది మనిద్దరి మధ్యే ఉండనీ. మళ్ళీ మళ్ళీ తవ్వుకుని ప్రయోజనం లేదు.

ఒంట్లో బాగాలేక పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను.

పెద్దమ్మ


బోజ్‌మన్
ఫిబ్రవరి 10, 2025

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం తొమ్మిది వరసలు. లెక్కపెట్టాను. "దేదీప్యకి" అని మొదలుపెట్టారు, బంగారు తల్లి అనలేదు. నాకు అంతకంటే ఎక్కువ రావాల్సిన అవసరం లేదు. అన్నయ్య ఫోన్ తియ్యకపోవడం కూడా న్యాయమే.

పోయిన వారం వేన్‌కి చెప్పాను. ఉదయం నుంచి నాలుగు సార్లు ఆయన బల్ల దాకా వెళ్ళి తిరిగొచ్చి, అయిదోసారి చెప్పాను. ఆయన అరవలేదు. ఫైలు తెరిచి అన్నయ్య చీటీ నకలు నా ముందు పెట్టారు. ఖాళీ గడి మీద వేలు ఉంచి, "ఇక్కడ ఎంత ఉండాలి?" అన్నారు. రెండు వందల అయిదు అన్నాను. "దానికి పట్టిక ఎంత చూపించింది?" నూట అరవై మూడు అన్నాను. నకలు తిరిగి ఫైలులో పెట్టారు. తర్వాత, "లెక్క తప్పు వేస్తే నేర్పిస్తాను. లెక్క సరిగ్గా వేసి వేరేది రాస్తే, నీకు నేనేం నేర్పాలి?" అన్నారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడటం నాకు బాగా వచ్చు.

శనివారం నన్ను కొండకి తీసుకెళ్ళారు. వెనక ఇసుక సంచులు కట్టి, నా బరువుతో కలిపి రెండు వందల అయిదు పౌన్లు చేశారు. మొదట నూట నలభై ఆరు పట్టా బండి. ఎక్కించి, వెళ్ళమన్నారు. ఇరవై అడుగులు వెళ్ళానేమో. ఇంజన్ అరుస్తోంది, వెనక నుంచి మంచు ఫౌంటెన్‌లా లేస్తోంది, బండి ముందుకి కదలడం లేదు. ముక్కు ఆకాశానికి లేచి, నేను వెనక్కి దిగబడుతున్నాను. దిగి చూస్తే నా ఛాతీ దాకా గొయ్యి. ఇన్నాళ్ళూ "గొయ్యి తవ్వుకుంటుంది" అని ఎందరికో చీటీల్లో రాశాను. ఆ గోతిలో నిలబడటం అదే మొదటిసారి. వేన్ పార ఇచ్చి, పక్కనే కూర్చుని ఫ్లాస్క్‌లో కాఫీ తాగారు. యాభై నిమిషాలు తవ్వాను. తవ్వుతున్నంతసేపూ బండి ఎటు ఒరుగుతుందో చూసుకుంటూనే ఉన్నాను.

తర్వాత నూట అరవై మూడు. అదే వాలు, అవే సంచులు. అది మంచు పైకి లేచి ఎక్కేసింది. పైన తిప్పలేక పడ్డాను, అది వేరే సంగతి. వేన్ మొదటిసారి నవ్వారు.

నేను అన్నయ్యకి రాస్తాను పెద్దమ్మా. మీ పేరు రాయను.

దేదీప్య


బాతెల్
ఫిబ్రవరి 19, 2025

నా తల్లీ,

నీ మీద కోపమా? ఆ తొమ్మిది వరసలు రాయడానికి మూడు రోజులు పట్టింది నాకు. ఎలా మొదలుపెట్టినా నా తప్పు దగ్గరికే వస్తోంది, అందుకని ఏమీ లేకుండా రాశాను. ఇసుక సంచులు కట్టుకుని, పార పట్టుకుని ఆ గోతిలో నువ్వు నిలబడ్డావని చదివి ఏడ్చాను. ఆ పార నా చేతికి ఇవ్వాల్సింది మీ వేన్.

వాడికేమీ రాయకని ఎందుకన్నానో దాచకుండా చెప్తాను. నువ్వు రాస్తే నా పేరు బయటికొస్తుందని భయం. అంతకంటే సిగ్గుమాలినది ఇంకొకటి ఉంది. వాడు కాలు కట్టుతో సోఫాలో కూర్చుని ఉంటే, మొదటి వారం, నా మనసులో ఒక మూల హాయిగా ఉంది. ఇంట్లోనే ఉన్నాడు కదా అని. తల్లినయ్యుండి అలా అనుకున్నాను. మీ పెద్దనాన్నతో కూడా అనలేదు ఈ మాట.

ఇప్పుడు అసలు విను. నిన్న రాత్రి భోజనాల దగ్గర అనిరుధ్ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. మీ పెద్దనాన్న, "ఏరా, దేదీప్య ఫోన్ ఎందుకు తియ్యవు? పాపం ఎన్నిసార్లు చేసిందో" అన్నారు. వాడు తలెత్తకుండా, "సిగ్గుగా ఉంది నాన్నా" అన్నాడు. ఏం సిగ్గురా అంటే, జేబులోంచి నీ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరుగుతోంది.

"నేను తనకి వెయిట్ అబద్ధం చెప్పాను. రెండు వందల అయిదు అని రాశాను. అది పెళ్ళి క్యాన్సిల్ అవ్వకముందు వెయిట్. ఇప్పుడు దానికంటే చాలా ఎక్కువ. దేదీ కరెక్ట్‌గానే లెక్కేసింది, నేనే రాంగ్ నంబర్ ఇచ్చాను. చూడు, వెయిట్ గడి ఖాళీగా వదిలేసింది. నేను అబద్ధం చెప్పానని తనకి తెలిసిపోయింది. అయినా నా పరువు తియ్యలేదు. శ్రేయాస్ తనని ఏదో అన్నాడని నేను వాడితో మాట్లాడటం మానేశాను" అన్నాడు.

నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి, ప్రతి మాటా వినపడింది. అప్పుడు చెప్పాలి నేను. మీ పెద్దనాన్న నా వైపు చూశారు. నేను ఏం చేశానో తెలుసా? విని, లేచి, వాడికి పప్పు వడ్డించాను.

తన బరువు వల్లే ఇదంతా అని నమ్మి కూర్చున్నాడు వాడు. ఆ నమ్మకంతోనే మళ్ళీ ఆ సోఫాలోకి దిగబడిపోతున్నాడు. దానికి మందు నా దగ్గరుంది, నోరు రావడం లేదు.

రాయకు అని మాత్రం ఇక అనను.

పెద్దమ్మ


బోజ్‌మన్
ఫిబ్రవరి 26, 2025

పెద్దమ్మకి,

మీ ఉత్తరం వర్క్‌షాపులో నిలబడి చదివాను. ఖాళీ గడి గురించి ఉన్న భాగం మళ్ళీ చదివాను. నా అబద్ధాన్ని అన్నయ్య మర్యాద అనుకున్నాడు. దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నన్నెవరైనా తిట్టి ఉంటే ఇంతకంటే సులువుగా ఉండేది.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. అది అన్నయ్యకి. మీకు తెలియకుండా ఏమీ ఉండకూడదని అందులో ఉన్నది ఇక్కడ కూడా రాస్తున్నాను.

"అన్నయ్యా, నువ్వు ఇచ్చిన అంకె తప్పు కావచ్చు. నేను రాసిన సైజుకి కారణం అది కాదు. నువ్వు రాసిన రెండు వందల అయిదు పౌన్లకే మా పట్టిక నూట అరవై మూడు చూపించింది. నేను అది చూసి, తెలిసి, నూట నలభై ఆరు అని రాశాను. గడి ఖాళీగా వదిలింది నీ పరువు కోసం కాదు, నా అబద్ధం కనపడకుండా ఉండటానికి. నువ్వు రాసిన బరువే నిజమైనా ఆ వాలులో ఆ బండి ఆగిపోయేది. నాకు నూట ముప్ఫై పౌన్లుంటాయి, ఇసుక సంచులతో రెండు వందల అయిదు చేసుకుని వెళ్ళి నేను కూడా కూరుకుపోయాను. తప్పు నీ ఒంటిది కాదు. చీటీ మీద సంతకం నాది. దేదీప్య."

ఎందుకు అలా రాశానన్నది అందులో లేదు. మీ పేరు రాయనని మాటిచ్చాను, రాయలేదు. నాకు తోచిన కారణం ఏదైనా కల్పించి రాయొచ్చు, కానీ ఇక అలా రాయలేను. అందుకని నా సంతకం కింద సగం కాగితం ఖాళీగా వదిలాను.

ఇంకో కాగితం కూడా పెట్టాను. కొత్త చీటీ. పట్టా పొడుగు రాయలేదు, సంతకమూ పెట్టలేదు. బరువు గడి నిండాకే అవి రెండూ. అన్నయ్యకి ఇష్టం లేకపోతే చించెయ్యమనండి.

ఈ రెండింట్లో మీరు ఏది అన్నయ్యకి ఇచ్చినా, ఇవ్వకపోయినా, నేను మిమ్మల్ని అడగను. కానీ పెద్దమ్మా, పోయినసారి మీరు అడిగినప్పుడు నేను కాదనలేదు. ఈసారి మీరు అడగకముందే చెప్తున్నాను, దాచమంటే దాచను.

ఈ వాక్యం రాసి చాలాసేపు చూశాను. కొట్టెయ్యలేదు.

దేదీప్య


బాతెల్
మార్చి 9, 2025

దేదీప్యా, నా తల్లీ,

సగం కాగితం నింపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆఖరికి మూడు వరసలు రాశాను. "పొట్టిది రాయమని దేదీప్యని అడిగింది నేను. నువ్వు కొండ ఎక్కకూడదని. నువ్వు ఇంట్లో ఉన్నందుకు సంతోషించాను కూడా." కింద ప్రమోద అని పూర్తి పేరు రాశాను. అమ్మ అని రాస్తే జాలిపడతాడని రాయలేదు.

వాడి చేతికిచ్చి వంటింట్లోకి వచ్చేశాను. కుళాయి తిప్పి నిలబడ్డాను, అంట్లు లేకపోయినా.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడుతున్నాడేమో, నాకే వినపడటం లేదేమో అనుకుందామంటే, పెదాలు కూడా కదల్లేదు. మీ పెద్దనాన్న మాత్రం వచ్చి నా పక్కన కూర్చుని ఏదో గొణిగారు. "నేనూ అదే అడిగేవాణ్ణి" అన్నారు. వినపడనట్టు ఊరుకున్నాను. ఆ ఒక్క మాటా నా దగ్గర ఉంచుకున్నాను.

మూడోరోజు పొద్దున గరాజ్‌లో చప్పుడు. వెళ్ళి చూస్తే వాడు చంకల కింద కర్రలతో నిలబడి, మీ పెద్దనాన్న చేత హెల్మెట్, వీపుసంచి, పార కిందికి తీయిస్తున్నాడు. నన్ను చూసి, "బాత్రూమ్‌లో స్కేల్ తీసుకురా" అన్నాడు. నాతో అన్న మొదటి మాట అదే. తెచ్చాను. హెల్మెట్ పెట్టుకున్నాడు, సంచి తగిలించుకున్నాడు, పార చేత్తో పట్టుకున్నాడు. ఒక కాలికి మంచు బూటు, రెండో కాలికి కట్టు. కర్రలు పక్కన పెట్టి నా భుజం పట్టుకోబోయి, "వద్దు, నీ మీద ఆనితే నంబర్ తగ్గుతది" అని చెయ్యి తీసేశాడు. దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డాడు.

మీ పెద్దనాన్నకి కళ్ళజోడు లేక అంకె కనపడలేదు. "నువ్వు చదువమ్మా" అన్నాడు అనిరుధ్ నాతో. వంగి చూశాను. చూసి తలెత్తాను. వాడి మొహం హెల్మెట్‌లో ఎర్రగా ఉంది, నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. "గట్టిగా చదువు. నేను కూడా వినాలి" అన్నాడు.

గట్టిగా చదివాను. పక్కింటివాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

నీ మీద కోపం ఉందట. అది నీకు తనే ఫోన్‌లో చెప్తాడట, వచ్చే ఆదివారం. నువ్వు వణికిపోతావని చెప్పాను. "వణకనీ, నాకూ వణుకుగానే ఉంది" అన్నాడు. బండి మాత్రం అమ్మడట. చీటీ ఇంకెవరి చేతా రాయించడట, నువ్వే రాయాలట. వచ్చే శీతాకాలానికి కాలు సిద్ధమవుతుందన్నాడు డాక్టర్. నాకు భయంగానే ఉంది. ఆ భయం నాది, నీ చీటీలో దానికి గడి లేదు.

కొత్త చీటీ దీనితో తిరిగి పంపిస్తున్నాను. వాడు చెప్పాడు, నేను రాశాను. రెండు వందల డెబ్భై ఒకటి. కట్టు బూటు కంటే బరువైతే ఎంత తీసెయ్యాలో మీ వేన్‌ని అడుగు. అడిగాక సంతకం పెట్టు.

పెద్దమ్మ